కత్తిపీట గాట్లు

మధ్యాహ్నం కూరకు లీలావతి దొండకాయలు తరుగుతోంది. ముందుగదిలో ఆమె భర్త, డాక్టర్ బాలశౌరి, తాను రాసింది పైకి చదువుకుంటున్నాడు. ఎవరో వినాలని కాదు, అలవాటు.

"మెడ మీద ఒకటే లోతైన గాయం. తనకు తాను చేసుకున్నది. కుడిచేతి గాట్లు వంటపనిలో పడినవి."

లీలావతి చెయ్యి ఆగిపోయింది.

పొద్దున శవపరీక్ష గదిలో ఆమె కూడా ఉంది. చనిపోయిన జమీలా జట్కా తోలే ముర్తుజా భార్య. తానే గొంతు కోసుకుందని ముర్తుజా చెప్పాడు. నడికుడి నుంచి వచ్చిన జమీలా తల్లి సైదాబీ గది గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "లోపల ఒక్క ఆడమనిషన్నా లేకుండా నా బిడ్డ మీద మొగోళ్ళను చెయ్యెయ్యనీను." ఉన్న ఒక్క నర్సూ యుద్ధపు ఆస్పత్రికి వెళ్ళిపోయింది. భార్యను పంపమని డాక్టరు ఇంటికి కబురు పెట్టాడు. "చదువుకున్న కోడలు, లాంతరు పట్టటానికన్నా పనికొచ్చింది," అంది అత్తగారు. లోపలికి వెళ్తుంటే సైదాబీ లీలావతి మణికట్టు పట్టుకుంది. "బాగా చూడమ్మా."

చూసింది. భర్తకు కళ్ళు నొప్పి పుట్టినప్పుడల్లా ఆయన వైద్య పుస్తకాలు చదివి వినిపించేది ఆమే. చదువుతూ ఏదైనా అడిగితే, "నువ్వు చదువు, అర్థం చేసుకునేది నేను," అనేవాడు. తనను తాను కోసుకునే మనిషి చెయ్యి చాలాసార్లు ముందు జంకుతుందని, ఆ జంకు పెద్ద గాయం పక్కన సన్నని గీతలుగా మిగులుతుందని ఆ పుస్తకాల్లో ఉంది. జమీలా మెడ మీద అలాంటి గీత ఒక్కటీ లేదు. అదొక్కటే అయితే లీలావతి ఊరుకునేదేమో. ఆ చేతిని మాత్రం మరిచిపోలేకపోతోంది. కత్తిపీట కదలదు, కాయే దాని మీదికి పోతుంది. అందుకే అది బొటనవేలినీ వేళ్ళ కొసలనూ కొరుకుతుంది. తన వేళ్ళ నిండా ఆ గాట్లే. జమీలాకు నాలుగు వేళ్ళ లోపలి మడతల మీదుగా ఒకే బారున, లోతుగా తెగింది. మీదికొచ్చే కత్తిని గుప్పిట పట్టి ఆపబోయిన చెయ్యి అది.

లేచి గుమ్మంలోకి వెళ్ళింది. "ఏమండీ, అవి కత్తిపీట గాట్లు కావు."

"కూర సంగతి చూడవే. నాకు పాఠాలేంది?"

"ఒక్కసారి నా చెయ్యి చూడండి."

ఆయన తలెత్తలేదు. పెళ్ళినాడు చర్చిలో ఉంగరం తొడిగినప్పుడు చూశాడేమో ఈ చేతిని. కాగితం మడిచి, "ఎస్సైగారొచ్చే వేళయింది. కాఫీ పెట్టు," అన్నాడు.

ఆమె కాఫీ తెచ్చేసరికి ఎస్సై వరండాలో కూర్చుని కాగితం చదువుతున్నాడు.

"ఒక స్త్రీ సమక్షంలో అని రాశారు. ఎవరండీ ఆమె? పేరు లేదే?"

"ఎవరో ఒకరు లెండి. ఆ ముసల్దాని గోల ఆపటానికి నిలబెట్టాం."

లీలావతి గ్లాసు బల్ల మీద పెట్టింది. లోపల అత్తగారి మంచం కిర్రుమంది. నోరు విప్పితే ఇక ఈ ఇంట్లో తనతో మాట్లాడేవాళ్ళు ఉండరు. ఇప్పుడు మాత్రం ఎవరున్నారు?

"ఆ ఎవరో ఒకరు నేనేనండీ," అంది, వేళ్ళు చాపి ఎస్సై ముందు పెడుతూ. "పేరు లీలావతి. నేను చూసింది కూడా రాసుకోండి."