పుట్టింటి మాట

పశువుల డాక్టరమ్మ ఫోన్ చేసేసరికి సాయంత్రం ఆరు కావస్తోంది. నేను పెరట్లో ఆరిన బట్టలు తీస్తూ, మా ఆయన చొక్కా చేతులు రెండూ నా మెడ చుట్టూ వేసుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుంటున్నాను. పెళ్ళయి అప్పటికి యాభై రోజులు.

"మీ ఉండ వారం రోజుల అంకెలు చూశానమ్మా. చాలా బాగున్నాయి. రేపు పొద్దుటి నుంచి సిరంజిలో రెండు గీతలు వద్దు, ఒక్క గీత చాలు. ఇలాగే ఉంటే కొన్నాళ్ళకి ఇన్సులిన్ మానేయొచ్చు కూడా," అంది డాక్టరమ్మ.

చొక్కా మెడలోనే ఉంది. అలాగే ఇంట్లోకి పరిగెత్తాను.

ఉండ మా అత్తయ్య పిల్లి. అత్తయ్య దర్జీ. ఇంటి ముందు గదే ఆవిడ కొట్టు. పిల్లి కూనగా ఉన్నప్పుడు దారపు రీళ్ళ బుట్టలో దారం ఉండలా చుట్టుకుని పడుకునేదట, ఆ పేరే నిలిచిపోయింది. ఏడాదిన్నర కిందట కుండల కొద్దీ నీళ్ళు తాగుతూ చిక్కి సగమైతే పరీక్ష చేయించారు. చక్కెర జబ్బు. ఆ రోజు నుంచి గట్టి గింజల తిండి బంద్, డబ్బాలో వచ్చే మెత్తటి మాంసమే. పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ ఇన్సులిన్. ముందు సగం గిన్నె పెట్టాలి, అది మూతి ముంచి తింటుండగా మెడ వెనక తోలు ఎత్తి మందివ్వాలి, ఆ తర్వాత మిగతా సగం. చెవి అంచున చిన్న పోటు పొడిచి, ఆ రక్తపు బొట్టుతో చక్కెర చూడాలి. అంకెలన్నీ అత్తయ్య కొలతల పుస్తకంలో వెనక పేజీల్లో ఉంటాయి. ముందు నుంచి తిప్పితే ఊళ్ళో వాళ్ళ నడుములూ భుజాలూ, వెనక నుంచి తిప్పితే ఉండ చక్కెర. మందిచ్చిన ప్రతిసారీ తేదీ పక్కన ఒక టిక్కు.

నేను రసాయన శాస్త్రం చదివాను. ఆ మాట విని అత్తయ్య, "అయితే నీకు కొలతలు తెలుసన్నమాట," అని గుండుసూదుల దిండు నా చేతికిచ్చారు. వారం రోజులు ఆ దిండుకి నీళ్ళ ఇంజెక్షన్లు చేశాను. ఎనిమిదో రోజున ఉండ మెడ నా చేతికిచ్చారు. అది తింటూనే ఉంది, తల కూడా ఎత్తలేదు.

"నీ చెయ్యి తేలికమ్మాయ్," అన్నారు అత్తయ్య. ఆ రోజంతా నా కాళ్ళు నేలకి ఆనలేదు. సాయంత్రపు మందు అప్పటి నుంచీ నాదే.

డాక్టరమ్మ మాట చెప్పగానే అత్తయ్య మిషను ఆపి, కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. గుడ్డ ముక్కల మీద పడుకున్న ఉండ వైపు చూసి, "విన్నావా మొండి ఘటమా, నీ సోకు చూసి చక్కెర కూడా నిన్ను వదిలిపోతోంది," అన్నారు.

ఆరున్నరకి మా ఆయన మూడు ఐస్‌క్రీములతో దిగారు. ఫోన్లో చెప్పానుగా.

"పిల్లికి చక్కెర తగ్గితే మీరు చక్కెర తేవడం ఏంటండీ," అన్నాను.

"అది వదిలేసిన వాటా ఎవరో ఒకరు తినాలి కదా ప్రొఫెసర్."

అత్తయ్య వాటా ఫ్రిజ్‌లో పెట్టి, వంటింటి గట్టు మీద పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఆయన చెంచా నా దాంట్లో, నా చెంచా ఆయన దాంట్లో. గడియారం చూసేసరికి ఏడూ పది. నాలుక కరుచుకుని ముందు గదిలోకి పరిగెత్తాను.

అత్తయ్య, కొత్త గౌను సరిచూసుకోవడానికి వచ్చిన ఒకావిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని అంచు మడుస్తున్నారు. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు. ఉండ ఖాళీ గిన్నె ముందు కూర్చుని నా వైపు చూసింది.

"అత్తయ్యా, ఉండకి వేశారా?" అని అడిగాను.

"ఊహూఁ," అన్నారు అత్తయ్య పెదాలు విప్పకుండా. చేత్తో నా వైపు చూపించి, గిన్నె వైపు చూపించారు. నువ్వే వెయ్యి అని.

వేశాను. గిన్నెలో మాంసం పెట్టి, అది తింటుండగా మెడ ఎత్తి, రెండు గీతలు. చెయ్యి తేలికగానే పడింది. టిక్కు పెడదామంటే కొలతల పుస్తకం ఆవిడ గౌను కింద ఎక్కడో ఉంది. తర్వాత పెట్టొచ్చులే అనుకున్నాను.

మా పుట్టింట్లో 'వెయ్యడం' అంటే సూది మందే. పిల్లలకి జ్వరమొస్తే "సూది వేశారా" అని అడుగుతారు. తిండిని 'పెట్టడం' అంటారు. ఈ ఇంట్లో అలా కాదు. సూది వెయ్యడమంటే మిషనుకి సూది బిగించడం. ఇన్సులిన్‌ని 'ఎక్కించడం' అంటారు. ఉత్త 'వెయ్యడం' అంటే పిల్లికి గిన్నెలో తిండి వెయ్యడం. యాభై రోజులుగా నేను "ఇన్సులిన్ ఇచ్చేశాను" అని పూర్తిగా, పుస్తకంలో మాటలా అంటూ వచ్చాను. కొత్త కోడలిని కదా, జాగ్రత్త. ఆ సాయంత్రం సంతోషంలో జాగ్రత్త జారిపోయి పుట్టింటి మాట నోట్లోకి వచ్చేసింది.

ఏడింటికి నేను రాకపోయేసరికి అత్తయ్యే సగం గిన్నె పెట్టి మందు ఎక్కించేశారట. ఆఖరిసారి రెండు గీతలు తన చేతి మీదుగా పోవాలని ముచ్చటపడ్డారట. టిక్కు పెట్టబోతుంటే గౌను ఆవిడ వచ్చింది. నేనడిగినప్పుడు మిగిలిన సగం తిండి గురించి అనుకున్నారు.

ఎనిమిదిన్నరకి ఉండ రీళ్ళ బుట్ట ఎక్కబోయి పక్కకి ఒరిగింది. మళ్ళీ లేచి, తాగినవాడిలా అడుగులు వేసి గోడకి తగిలింది. మా ఆయన నవ్వబోయి ఆగిపోయారు.

"ఎన్ని గీతలు ఎక్కించావమ్మా?" అని అడిగారు వాళ్ళమ్మని. ఏడింటికి నేను తన పక్కనే ఉన్నాను కదా.

"రెండేరా," అన్నారు అత్తయ్య.

"అదేంటి, వేసింది నేను కదా," అన్నాను.

అత్తయ్య కొలతల పుస్తకం తెరిచారు. తేదీ పక్కన ఖాళీ. ఆవిడ కలం మూత తీసి, ఏం రాయాలో తెలియక అలాగే పట్టుకున్నారు.

చెవి పొడిచి చూస్తే ముప్పై ఒకటి, ప్రాణం మీదికి వచ్చేంత తక్కువ. నేను తేనె తెచ్చి చిగుళ్ళకి రాశాను. ఏడాదిన్నర పాటు ఒక్క తీపి చుక్క తగలనివ్వని నోరది. పిల్లిని తువ్వాల్లో చుట్టి స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అప్పటికే దానికి ఫిట్స్ మొదలయ్యాయి. అత్తయ్య దాని తల పట్టుకుని "ఉండు, ఉండు" అంటూనే ఉన్నారు. పేరు పెట్టి పిలుస్తున్నారో, పోవద్దంటున్నారో నాకు తెలియలేదు.

డాక్టరమ్మ రక్తంలోకి చక్కెర నీళ్ళు ఎక్కించింది. "జబ్బు తగ్గుతున్న ఒంటికి రెండు గీతలే ఎక్కువమ్మా, అలాంటిది నాలుగు పడ్డాయి. ఇచ్చామో లేదో అనుమానంగా ఉంటే ఆ పూట మానేయాలి. ఒక పూట మానితే ఏమీ కాదు," అంది. కోపంగా అనలేదు. కోప్పడితే బావుండేది. దాన్ని అక్కడే ఉంచి మమ్మల్ని పంపేసింది.

తెల్లారాక ఫోన్ మోగింది. ఈసారి నేను ఎత్తలేదు. మా ఆయన విని, "సరేనండీ," అని పెట్టేసి, నా చెయ్యి పట్టుకున్నారు. నా చెయ్యే నాకు బరువుగా అనిపించింది. ఫ్రిజ్‌లో అత్తయ్య ఐస్‌క్రీము అలాగే ఉంది.

పది రోజులు ఇంట్లో మిషను ఆగకుండా నడిచింది. అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఒకరోజు వంటింట్లో ఏడుస్తూ, "తప్పు నాదే అత్తయ్యా," అన్నాను.

"నోటినిండా సూదులు పెట్టుకుని జవాబు చెప్పింది నేను. టిక్కు పెట్టనిదీ నేనే. మొత్తం నువ్వే మోస్తానంటే నాకేం మిగులుతుంది?" అన్నారు అత్తయ్య. అప్పుడు చూశాను, ఆవిడ మణికట్టుకి గుండుసూదుల దిండు కట్టి ఉంది. నేను ఇంజెక్షన్లు నేర్చుకున్న దిండే, పట్టీ కుట్టి కట్టుకున్నారు. నోట్లో సూదులు పెట్టుకోవడం ఆ రోజు నుంచే మానేశారట. నేను గమనించనే లేదు.

నిన్న సాయంత్రం డాక్టరమ్మ నుంచి మళ్ళీ ఫోన్. అత్తయ్య మాట్లాడారు. పెట్టేశాక మిషను ముందు కూర్చుని చాలాసేపు దారం ఎక్కించలేకపోయారు. నేను ఎక్కించి ఇచ్చాను.

"ఎవరో పెద్దాయనట," అన్నారు. "ఆయన పిల్లికీ ఇదే జబ్బు బయటపడింది. కూతురితో ఉంటాడు. ఇద్దరికీ సూదంటే భయమట. మన సీసా, మిగిలిన సిరంజిలు పనికొస్తాయేమో అని డాక్టరమ్మ అడిగింది."

"సీసా తెరిచి చాలా రోజులైంది అత్తయ్యా, పనికిరాదు. సిరంజిలు ఇవ్వొచ్చు. మీరే చూపిస్తారా వాళ్ళకి?"

"దారమే ఎక్కించలేకపోయానే," అన్నారు అత్తయ్య. మణికట్టు నుంచి దిండు విప్పి నా ముందు పెట్టారు. "రేపు పదింటికి వాళ్ళు ఇక్కడికే వస్తారు. దీని మీద నువ్వు నేర్పు."

నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ చూడనట్టే కొలతల పుస్తకం వెనక నుంచి తెరిచి, ఉండ ఆఖరి అంకె తర్వాత ఒక పేజీ వదిలేసి, కొత్త పేజీలో గీతలు కొట్టడం మొదలుపెట్టారు.

"సిరంజి చేతికివ్వకముందు," అన్నారు తల ఎత్తకుండా, "వాళ్ళింట్లో ఈ మందివ్వడాన్ని ఏమంటారో తండ్రినీ కూతురినీ విడివిడిగా అడుగు."