కాలిలో దాచిన మాత్రలు

నేను ఒక వాకర్‌ని. అల్యూమినియం గొట్టాలు వంచి, అడుగున రబ్బరు తొడుగులు వేసి నిలబెట్టారు నన్ను. నాలుగు కాళ్లున్నా నా అంతట నేను ఒక్క అడుగు వేయలేను. రెండు కాళ్లవాళ్లకి మాత్రం నేనే దిక్కు!

నా మొదటి యజమాని డ్రిల్లు మాస్టారు సన్యాసిరావు. తుంటి కీలు మార్పించుకుని వచ్చి, వీధి వీధంతా అదిరేలా అరిచాడు. వేళకి నొప్పి మాత్ర అడిగి మింగాడు, అరుస్తూనే నడిచాడు. రెండు నెలలకి నన్ను అటకెక్కించాడు.

తర్వాత అదే ఆపరేషనైన వరహాలమ్మ చేతికొచ్చాను. అనకాపల్లిలో ముప్పయ్యేళ్లుగా పకోడీల బండి ఆవిడది. "ఈ నెలంతా బాగా నడవాలి. లేకపోతే కీలు బిగుసుకుంటుంది, ఇక బండి దగ్గర నిలబడలేవు" అని డాక్టరు చెప్పే పంపాడు. ఆవిడ అరవదు. పళ్లు బిగించి రెండడుగులు వేసి, మళ్లీ మంచమెక్కుతుంది.

కారణం నాకొక్కదానికే తెలుసు. కోడలు సత్యవేణి మాత్ర చేతిలో పెట్టి నీళ్లకి వెళ్లగానే, నన్ను మంచం మీదికి లాక్కుని, వదులైన తొడుగు పీకి, మాత్రని నా కాలి గొట్టంలో పడేసేది.

"నలుగుర్ని కన్నదాన్ని, ఈపాటి నొప్పికి గోలీలేటి? ఒంటికి వేడి సేసి సంపేత్తాయి" అని గొణుక్కునేది.

నాకు కుదురు పోయింది. కదిలితే గలగల. కొడుకొచ్చి నా మరలు బిగించాడు. మర్నాడు ఇంకా బిగించాడు. చప్పుడు అందరూ విన్నారు, సంగతి ఎవరికీ పట్టలేదు.

పన్నెండో రోజు, వ్యాయామం చేయించే ప్రశాంతి నన్నెత్తి ఊపి, తొడుగు లాగింది. మాత్రలు జలజలా నేలమీద పడ్డాయి. సత్యవేణి వంగి వాటిని ఏరసాగింది.

"మామ్మా, నూనె కాగకుండా పకోడీ వేస్తావా?" అంది ప్రశాంతి.

"ఎలగేత్తానమ్మా? నూని పీల్చేసి ముద్దయిపోదేటి!"

"నడకా అంతే. ముందు మాత్ర, అరగంటాగి అడుగు."

వరహాలమ్మ మాత్ర మింగింది. అరగంటకి గుమ్మం దాకా నడిచి, అక్కడ నా పిడి పట్టుకుని భోరుమంది.

"నొప్పిగా ఉందా అత్తా?" అని సత్యవేణి కంగారుపడింది.

"ఇన్నాళ్లూ ఉండీది. ఇప్పుడు తగ్గిందే!"

ఇప్పుడావిడ బండి దగ్గర నిలబడి పకోడీలు వేస్తోంది. నేను పోస్టుమాన్‌గా చేసి రిటైరైన లింగమూర్తి ఇంటికి చేరాను. ఈయన కూడా అరవడు. నా తొడుగు వదులని మొదటి రోజే కనిపెట్టేశాడు. పొద్దుటి నుంచీ గలగలమంటూనే ఉన్నాను. ఇంట్లోవాళ్లు మరలు బిగించేవాడి కోసం వెళ్లారు.