యాసిడ్ తొట్టి మీద నైలాన్ బెల్టు

ఇనుమును ఎత్తే బెల్టు తెగినప్పుడు క్రేన్ బటన్ నా చేతిలోనే ఉంది. ఇనుప కట్ట కళ్ల ముందే జారి, కింద నిలబడ్డ తోటి కూలీ హీర్యా మీద పడింది. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది. సూపర్‌వైజర్ ప్రశాంత్ పోయిన మనిషి గురించి అడగలేదు. "బరువు ఎక్కువ ఎందుకెత్తినవ్ ఎల్లేశ్?" అని నన్ను నిలదీశాడు. ఎత్తింది రోజూ ఎత్తే బరువే. సిగ్గులేని మనుషులు!

మాది కాటారం దారిలో కరెంటు టవర్ల ఇనుముకు జింకు పూత పూసే ఫ్యాక్టరీ. పూతకు ముందు ఇనుమును యాసిడ్ తొట్టిలో ముంచి తుప్పు వదిలిస్తాం. ఆ ఆవిరికి గొంతు మండుతుంది. షిఫ్టుకు నలభై మందిమి, అందరం కాంట్రాక్టు కూలీలమే. లోపలికి రాగానే మా గేట్ పాసులు కాంట్రాక్టర్ వెంకటనర్సయ్య గుంజుకుంటాడు. అతను ఇస్తే తప్ప బయటికి పోలేం.

నిజం చెప్పాలి, తప్పులో మాకూ వాటా ఉంది. నెల్లికుదురు తండాల్లో నైలాన్ తాళ్లతో బోరు మోటార్లు లాగిన చేతులు మావి. నైలాన్ అంటే తెగదని మా గట్టి నమ్మకం. పోయిన నెల పాత బెల్టులు తీసేసి కొత్తవి తెస్తే, "నైలాన్‌వి తెచ్చిండ్రు, ఇగ ఫికర్ లేదు" అని అందరికంటే ముందు సంబరపడింది హీర్యానే.

మూడో రోజు పొద్దున హీర్యా నిలబడిన చోటే అతని బామ్మర్ది చందూలాల్‌ను నిలబెట్టారు. నేను బటన్ మీద వేలు పెట్టేలోపే స్టోర్‌లో పనిచేసే అఖిల పరుగెత్తుకొచ్చింది.

"ఆగున్రి అన్నా! బెల్టుల చీటీలు చదివిన. నీలం చీటీ ఉంటే పాలిస్టర్, ఆకుపచ్చ చీటీ ఉంటే నైలాన్. గివన్ని ఆకుపచ్చయే. నైలాన్‌ను యాసిడ్ తింటది. పైకి మంచిగనే కనబడ్తది, లోపల పోగులు సచ్చిపోతయి. యాసిడ్ కాడ పాలిస్టర్ వాడాలె, దాన్ని గూడ పని అయినంక నీళ్లతోని కడగాలె."

"మా బోర్ల కాడ ఎన్నడు తెగలే గదా?" అన్నాడు బుచ్చి.

"బోర్ల ఉన్నయి నీళ్లు, బుచ్చన్నా. ఇది యాసిడ్."

"మరి గీ బెల్టులు ఎట్ల వచ్చినయి?"

"జనగామల కాంట్రాక్టర్ దుకాణం ఉన్నది గదా. ఆడ అమ్ముడుపోని సరుకు మనకు అంటగట్టిండు."

మూడు రోజులుగా హీర్యాను నేనే చంపానని ఏడుస్తున్నాను.

కబురు అందగానే వెంకటనర్సయ్య వచ్చాడు. "ఏంది లొల్లి? పని చెయ్యనోళ్లు పాస్ మీద ఆశ ఇడిసిపెట్టున్రి. భూపాలపల్లిలనే గాదు, మీ మానుకోటల గూడ ఎవ్వడు పని ఇయ్యడు."

పోతే పస్తు, ఉంటే చావు.

"జర సూసుకుంట చేద్దాం, పిల్లలున్నరు," గొణిగాడు బుచ్చి.

"హీర్యా బావకు లేరా పిల్లలు?" అన్నాడు చందూలాల్.

నేను కాంట్రాక్టర్ వైపు తిరిగాను. "సేఠ్, నేను లేపుత. చందూ జాగల మీరు నిలబడున్రి."

అతను తల పైకెత్తి బెల్టును చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రెండడుగులు నలభై మందిమీ చూశాం. అందరికంటే ముందు చేతి తొడుగులు తీసి కిందపడేసింది బుచ్చి.

వెంకటనర్సయ్య గేటుకు తాళం వేయించాడు. పోలీసు జీపు రాగానే లోపలికి వదిలి మళ్లీ తాళం వేశారు. స్టోర్ సామాను దొంగతనం చేసిందని అఖిలను జీపు ఎక్కించారు. మేం గేటుకు అడ్డంగా కూర్చున్నాం. బస్సు దిగి వచ్చిన రెండో షిఫ్టు వాళ్లు సంగతి విని అవతలి వైపు కూర్చున్నారు. జీపు కదలడానికి జానెడు చోటు లేదు.

"అఖిలను దించున్రి. నైలాన్ బెల్టులు మార్సున్రి. హీర్యాను సంపింది బరువు గాదని రాసియ్యున్రి," అన్నాడు చందూలాల్.

వెంకటనర్సయ్య తాళం తీయించాడు. పాసుల కట్ట మా ముందు విసిరాడు.

"పోవుడే గదా మీకు గావాల్సింది? పోన్రి!"

గేటు బార్లా తెరుచుకుంది. అఖిల ఇంకా జీపులోనే ఉంది. మాలో ఒక్కరూ లేవలేదు.