నాలుగు దెబ్బల ఖాళీ

ఊపిరి కోసం కాదు, ఆ ఖాళీ ఊపిరి కోసం కాదని అప్పుడే చెప్పి ఉండాల్సింది అనుకున్నాడు బాలప్ప, చిగుళ్ల మీది గుంతల్ని నాలుకతో తడుముకుంటూ. నిజం చెప్పినా కొట్టేవాళ్లే. కానీ అబద్ధం చెప్పి తన్నులు తినడం వేరు.

ధర్మవరం పెళ్లిళ్ల బ్యాండులో ఇరవై ఏళ్లుగా సాక్సఫోన్ అతనిదే. పౌరహక్కుల పోతులయ్య లాకప్పులో చచ్చిపోయాక, ఆయన పేర మాటల్లేని పాట కట్టాడు. అది భజనలా మెల్లగా మొదలై, శవం ముందు ఏడుపులా పైకి లేచి, నడుమ ఆగిపోతుంది. నాలుగు తాళం దెబ్బల ఖాళీ. మళ్లీ ఎత్తుకుంటుంది.

ఆయన సంస్మరణ ఊరేగింపులో నినాదాలు వద్దన్నారు పోలీసులు, పేరు ఎత్తొద్దన్నారు. పాటను సీఐ ముందే స్టేషన్లో వాయించమని విని, ఖాళీ దగ్గర ఆపాడు.

"ఈడ ఏముండాదిరా? నినాదం దాచిపెట్టినారా?"

"లేదు సార్. ఊపిరి తీసుకునే చోటు."

"నీకంత ఊపిరెందుకురా?"

లాఠీ మూతి మీద పడింది. ముందు పళ్లు రెండు నేల రాలాయి. సీఐ వాటిని బూటుతో పక్కకు నెట్టి, "ఇప్పుడు తీసుకో" అన్నాడు.

ఊరేగింపు పొద్దున బ్యాండు షెడ్డులో వాదులాట.

"పండ్లు లేనోడు ఏం ఊదుతాడప్పా? ఫోన్లో పెడదాం," అన్నాడు డ్రమ్ము గణేష్.

"ఫోను గుంజుకుంటారు," అంది పోతులయ్య భార్య పుష్పావతి. ఆమె మగ్గం నేస్తుంది. "మీరు వాయిస్తాంటే వారం నుంచి మగ్గాల కాడ వింటానే ఉండాము. మేం పాడతాం. మా పండ్లు ఇంగా ఉండాయి గదా!"

నవ్వబోయి బాలప్ప నొప్పితో మూతి పట్టుకున్నాడు.

పట్టు వ్యాపారి ఆదినారాయణ గేటు ముందు బ్యాండువాళ్లు చెప్పులు విప్పాలన్నది తాతల నాటి కట్టుబాటు. పోతులయ్య పోరాడి దాన్ని తీయించాడు. తర్వాతి పెళ్లిలో అందరూ చెప్పులతో నడిచారు, బాలప్ప తప్ప. పోతులయ్య వంగి అతను విప్పిన చెప్పులు తీసుకుని, నాలుగడుగులు నడిచి, గేటు దాటాక అతని కాళ్ల ముందు పెట్టాడు. ఆ నాలుగడుగులే తర్వాత బాలప్ప పాటలో ఖాళీ అయ్యాయి. కట్టుబాటు తీయించాడన్న పగతోనే ఆదినారాయణ పోతులయ్య మీద కేసు పెట్టించాడు. ఆ కేసే ఆయన్ను లాకప్పుకు చేర్చింది.

ఇప్పుడు అదే గేటు ముందు, రెండు వందల గొంతుల్లో, పాట ఖాళీ దగ్గరకొచ్చి ఆగింది. ఆదినారాయణ కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. లాఠీలు లేచాయి. బాలప్ప కిందికి చూసుకున్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు. ఎప్పుడు విప్పాడో తెలియదు. కాళ్లే విప్పేశాయి.

"బాలప్పన్నా," అంది పుష్పావతి మెల్లగా, "నీ చెప్పులు మోసేకి ఇప్పుడాయన లేడు."

ఆమె చెప్పుకాలితో నేలను తన్నింది. ఒకటి. వెనక మగ్గాల ఆడవాళ్లు తన్నారు. రెండు. గణేష్ నెత్తి లాఠీ దెబ్బకు పగిలింది. కళ్లలోకి నెత్తురు కారుతుండగా వాడూ తన్నాడు, వీధంతా తన్నింది. మూడు.

బాలప్ప రెండడుగులు వెనక్కి వేసి, చెప్పుల్లో కాళ్లు పెట్టి, నాలుగో దెబ్బ కొట్టాడు.