బ్లెస్సీ కదల్లేదు

ఆరోన్ ఆ పుల్లను ఆన్‌లైన్‌లో తెప్పించిన రెండు వారాలకల్లా ఇంట్లో శుభ్రపడని చెవులు అతని భార్య బ్లెస్సీవి మాత్రమే మిగిలాయి.

మామూలు పుల్ల కాదది. పెన్సిలంత పొడుగు, కొసన ఆవగింజంత కెమెరా, దాని చుట్టూ దీపం, ముందుకు పొడుచుకొచ్చిన చిన్న గరిటె. చెవిలో పెడితే లోపలున్నదంతా ఫోన్‌లో కనిపిస్తుంది. ఆరోన్ ముందు తన చెవులు చూసుకున్నాడు. తర్వాత తల్లి సువార్తమ్మను కూర్చోబెట్టాడు. ఆ తర్వాత అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గట్టయ్యను పైకి పిలిచాడు. తీసిన గులిమిని టిష్యూ కాగితం మీద పెట్టి ఇంట్లోవాళ్లందరికీ చూపించేవాడు. హబ్సిగూడలో ఒక సైన్సు సంస్థలో మైక్రోస్కోపులు, సున్నితపు తక్కెడలు బాగుచేసే ఉద్యోగం అతనిది. కొత్త పనిముట్టు చేతికొస్తే ఊరుకోలేడు.

"నాకొద్దండీ. నా చెవులు బాగానే ఉన్నాయి," అని బ్లెస్సీ రోజూ తప్పించుకుంటూ వచ్చింది.

"బాగున్నాయో లేదో చూస్తే కదా తెలిసేది. వెంట్రుక కంటే సన్నటి తీగలు అతికిస్తాను నేను. నా చెయ్యి వణకడం ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. అందుకే నమ్మింది, అదే ఆమె చేసిన పొరపాటు. పైగా ఆ వారం కుడిచెవి కాస్త దిబ్బడగా ఉంది. ఆమె పనంతా చెవులతోనే. యూనివర్సిటీ భాషాశాస్త్ర విభాగంలో ప్రాజెక్టు అసిస్టెంటు. మెట్టుగూడ క్వార్టర్లలో ఉండే రిటైరైన రైల్వే కార్మికుల మాటలు రికార్డు చేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, ఒక్క పలుకు పోకుండా రాయాలి. సెప్టెంబరు నెలాఖరుకు నలభై గంటల రికార్డింగు రాతలోకి రావాలి. చెవి తేలికపడితే పని త్వరగా సాగుతుందనుకుంది.

జులై చివరి ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోజనాలు ముగించాక, ఆరోన్ కిటికీ దగ్గర కుర్చీ వేశాడు. ఫోన్‌ను గట్టు మీద నిలబెట్టాడు. సువార్తమ్మ సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"కదలకు," అన్నాడు.

బ్లెస్సీ కదల్లేదు. ఊపిరి కూడా బిగబట్టింది. గరిటె లోపల గీరుకుంటున్న చప్పుడు తలంతా నిండింది. అంతలో ఫోన్ మోగింది. చెవి బొమ్మ మాయమై, తెర నిండా 'రాజేష్ ఆఫీస్' అన్న పేరు వచ్చింది. ఆరోన్ కాల్ కట్ చెయ్యడానికి ఎడమచెయ్యి చాచి ముందుకు వంగాడు. కుడిచేతిలోని పుల్ల చెవిలోనే ఉంది.

తల లోపల ఎవరో గుడ్డ చించినట్టు అయింది. ఆ వెంటనే నొప్పి. బ్లెస్సీ కెవ్వున అరిచి చెవి పట్టుకుంది. గది గిర్రున తిరిగింది, వాంతి వచ్చేటట్టయింది. పుల్ల కొసన నెత్తురు చుక్క ఉంది. కుడి వైపున సన్నగా కూత మొదలైంది, అది ఆగలేదు.

"అరె, కదిలావేంటి? కదలొద్దన్నానా!" అన్నాడు ఆరోన్.

సువార్తమ్మ వంటింట్లోకి పరిగెత్తి, వెల్లుల్లి వేసి నూనె కాచి తెచ్చింది. "ఇటు తిరుగమ్మాయ్, రెండు చుక్కలేస్తే లాగేస్తది." బ్లెస్సీ గిన్నెను చేత్తో నెట్టేసింది. సగం నూనె నేలపాలైంది. "మంచికి పోతే ఇదీ వరస," అని ఆవిడ ముఖం ముడుచుకుని, నేల తుడవడానికి గుడ్డ తెచ్చుకుంది.

"రేపటికి తగ్గిపోద్దిలే," అన్నాడు ఆరోన్ పుల్లను స్పిరిట్‌తో తుడుస్తూ.

తగ్గలేదు. సోమవారం డిపార్ట్‌మెంట్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే కుడి వైపు మాటలు బిందెలోంచి వస్తున్నట్టున్నాయి. పక్క సీట్లో పనిచేసే పరుశురాం రెండుసార్లు పిలిచి, మూడోసారి లేచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏందక్కా, పిలుస్తుంటే పలుకుతలెవ్? చెవిల దూది ఏంది?"

ఆమె జరిగింది చెప్పింది. అతను రికార్డర్ ఆపేశాడు. "పని తర్వాత చూద్దాం గానీ, నువ్వు ముందు దవాఖానకు పో. చెవితోని ఆటలేంది అక్కా."

తార్నాకలో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి ఆ సాయంత్రమే వెళ్లింది. కబురు తెలిసి ఆరోన్ కూడా వచ్చాడు. డాక్టరమ్మ లైటు పెట్టి చాలాసేపు చూసింది.

"కర్ణభేరికి చిల్లు పడ్డది. ఎట్లయింది?"

బ్లెస్సీ నోరు తెరిచేలోగా ఆరోన్ అందుకున్నాడు. "చెవి శుభ్రం చేస్తుంటే కదిలిందండీ."

"ఏమన్న పోసిన్రా? నూనె, చుక్కల మందు?"

"పోయనివ్వలేదండీ," అంది బ్లెస్సీ.

"మంచి పని చేసినవు. చిల్లున్నప్పుడు ఏది పోసినా లోపలికి పోతది, చీము పడ్తది." డాక్టరమ్మ ఆరోన్ వైపు తిరిగింది. "గులిమి మురికి కాదండీ. చెవిని కాపాడేదే అది. దానంతటదే బయటికొస్తది. బయట కనపడ్డది తువ్వాలుతో తుడుచుకుంటే చాలు. మరీ గట్టిపడి మూసుకుంటే మా దగ్గరికి రావాలె. బడ్స్, పిన్నీసులు, గీ కెమెరా పుల్లలు, ఏవీ పెట్టొద్దు."

తర్వాత బ్లెస్సీకి జాగ్రత్తలు చెప్పింది. చెవిలోకి చుక్క నీరు పోకూడదు. స్నానం చేసేటప్పుడు దూదికి వ్యాసలీన్ రాసి పెట్టుకోవాలి. ముక్కు గట్టిగా చీదకూడదు. చీము కారినా, నొప్పి పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే రావాలి. చిల్లు చిన్నదే కాబట్టి చాలావరకు దానంతటదే పూడుతుంది. కొన్ని వారాలు పట్టవచ్చు, రెండు మూడు నెలలూ పట్టవచ్చు. నెల తర్వాత మళ్లీ చూపించుకోవాలి.

మెట్లు దిగుతూ బ్లెస్సీ ఆగింది. "నేను కదిలానని ఎందుకు చెప్పారు?"

"కదల్లేదా మరి?"

"ఫోన్ మోగింది. మీరు వంగారు."

"ఫోన్ మోగితే నువ్వు ఉలిక్కిపడ్డావు," అన్నాడతను. అబద్ధమాడుతున్నట్టు లేదు. తన చెయ్యి తప్పు చెయ్యదన్న నమ్మకం అంత గట్టిది. అదే ఆమెకు ఒళ్లు మండించింది. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు సిగ్గుపడి ఒప్పుకునేవాడు.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక అందరూ చుట్టూ చేరారు. ఆరోన్ అందరికీ అదే మాట చెప్పాడు. "చిన్న పనేనండీ. కొంచెం కదిలింది." అతని బాబాయి యోహాను జాలిగా తలాడించాడు. "అలాంటప్పుడు రాయిలా కూర్చోవాలమ్మా." పాటల బృందంలో ఒకావిడ, తన మరదలు కూడా ఇలాగే నిలకడలేని మనిషని చెప్పింది. బ్లెస్సీ ఒకరిద్దరికి అసలు సంగతి చెప్పబోయింది. వాళ్లు మర్యాదగా నవ్వారు. మొగుడి మీదికి నెడుతోందనుకున్నారని ఆ నవ్వులోనే తెలిసిపోయింది. ఆ రోజు ఆరాధనలో కూడా ఆమె పాడలేదు. తన గొంతు తనకే కుడి వైపు బొంగురుగా వినపడుతుంటే శ్రుతి అందలేదు.

పని ఇంకా కష్టమైంది. మధ్యాహ్నానికల్లా ఎడమచెవి అలిసిపోయేది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాట ఏదో విడదీయలేకపోయేది. ఉమాపతి అనే రిటైరైన ఇంజను డ్రైవరు రికార్డింగు రాసి ఇచ్చిన మర్నాడు, ప్రాజెక్టు పెద్ద సోమయాజులు గారు పిలిపించారు. కాగితం మీద ఎర్రగీత గీసి ఉంది.

"మలుపు కాడ చీటీ కట్టినం, అని రాశారు. రైలాపి మరీ చీటీలు కట్టాడా ఈయన?"

బ్లెస్సీ మళ్లీ విన్నది. 'మలుపు కాడ సీటీ కొట్టినం.' సీటీ అంటే ఈల, ఇంజను కూత వేశాడు పెద్దాయన. అంత తేలిక మాట. ముఖం వేడెక్కింది.

"సారీ సర్. చెవి ఇంకా..."

"తెలుసమ్మా. మిమ్మల్ని అనడం లేదు. కానీ గడువు నా చేతిలో లేదు. సగం రికార్డింగులు పరుశురాంకు ఇచ్చేద్దాం."

ఆయన మర్యాదగానే అన్నారు. గట్టిగా తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. మూడేళ్లుగా ఆ క్వార్టర్ల గడపగడపకీ తిరిగి, టీలు తాగి, ముసలివాళ్ల చేత మాట్లాడించింది తను. ఇప్పుడు వాళ్ల గొంతులు పక్క సీటుకు పోయాయి. పరుశురాం కూడా మొహమాటపడ్డాడు. "నాకు డౌటొచ్చిన కాడల్లా నిన్నే అడుగుత అక్కా," అన్నాడు. అడిగాడు కూడా. అయినా మంట చల్లారలేదు.

నెల తర్వాత డాక్టరమ్మ చూసి, చిల్లు సగమే పూడిందని చెప్పింది. "ఇంకో నెల చూద్దాం. అప్పటికీ పూడకపోతే అతుకు వేసే సంగతి ఆలోచిద్దాం."

ఆ మర్నాడు బ్లెస్సీ క్యాంపస్ నుంచి పెందలాడే వచ్చింది. ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీలో సువార్తమ్మ తల పక్కకు వంచి కూర్చుంది. ఆరోన్ చేతిలో పుల్ల. దాని దీపం వెలుగుతోంది.

బ్లెస్సీ బ్యాగు నేల మీద పడేసింది. "ఏం చేస్తున్నావు నువ్వు?"

పెళ్లయిన ఏడేళ్లలో భర్తను నువ్వు అనడం అదే మొదలు. ఆరోన్ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"అమ్మకి దురదగా ఉందంటే..."

"అత్తయ్యకి కూడా చిల్లు పెట్టు. పెట్టి ఆవిడ కూడా కదిలిందని ఊరంతా చెప్పు."

"మళ్లీ అదే మాట! ఎన్నిసార్లు..."

"నేను కదల్లేదు! ఊపిరి కూడా పీల్చలేదు!"

సువార్తమ్మ నెమ్మదిగా కుర్చీలోంచి లేచింది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. పిల్లలు కొట్టుకున్నప్పుడు ఎవరిది తప్పో తేల్చిన మనిషి. చెంగుతో చెవి తుడుచుకుని, కొడుకు వంక చూడకుండా అంది. "అమ్మాయి కదల్లేదురా. నువ్వు ఫోన్ మీదికి వంగావు. నేను చూశాను."

నిజం ఇంకొకరి నోట విన్నందుకు బ్లెస్సీకి ప్రాణం లేచి రావాలి. రాలేదు. కోపం ఇంకో మెట్టెక్కింది.

"చూసి నెలరోజులు ఊరుకున్నారా అత్తయ్యా?"

"వాడు బాధపడతాడని..."

ఆరోన్ దీపం ఆర్పి, పుల్లను డబ్బాలో పెట్టి, చెప్పులేసుకుని బయటికి పోయాడు. తిరిగొచ్చాక ఆ సంగతి ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. స్నానానికి వెళ్లేముందు వ్యాసలీన్ దూది సిద్ధంగా పెట్టేవాడు. టీవీ గొంతు తగ్గించేవాడు. బ్లెస్సీకి కావలసింది దూది కాదు. ఒక్క మాట. ఆ ఒక్క మాటే రాలేదు.

సెప్టెంబరు మధ్యలో చిల్లు పూడింది. వినికిడి పరీక్షలో కుడి వైపు కాస్త వెనకబాటు ఉంది, మిగతాదీ వస్తుందని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. రికార్డింగుల రాత గడువుకు పూర్తయింది. రిపోర్టు మీద పరుశురాం పేరు, బ్లెస్సీ పేరు పక్కపక్కనే పడ్డాయి. ఒక్క పేరే ఉండాల్సిన చోట.

ఆ నెల చివరి ఆదివారం చర్చి ఆవరణలో టీ తాగుతుంటే యోహాను బాబాయి వచ్చాడు. చొక్కా జేబులోంచి పొడుగాటి డబ్బా తీశాడు.

"నీ దగ్గరున్నదేరా ఆరోన్. మా అల్లుడు తెప్పించాడు. రేపు ఇంటికొచ్చి మీ పిన్నికి ఎట్లా తియ్యాలో చూపించు. బ్లెస్సీలాగా కాదులే, మీ పిన్ని కదలదు."

చుట్టూ పదిమంది నవ్వారు. బ్లెస్సీ కప్పు కింద పెట్టింది. ఈసారి తనే చెప్పేద్దామని నోరు తెరిచింది.

"వద్దు బాబాయ్," అన్నాడు ఆరోన్. మొహం పాలిపోయింది. "అది పారెయ్యి. బ్లెస్సీ కదల్లేదు. ఫోనొస్తే నేనే ముందుకు వంగాను. పుల్ల లోపలికి పోయింది. కర్ణభేరికి చిల్లు పెట్టింది నేను."

యోహాను డబ్బా చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. "మరి అప్పుడు..."

"అప్పుడు ఒప్పుకోలేకపోయాను."

ఇంటికి నడిచి వస్తున్నప్పుడు ఆరోన్ నాలుగడుగులు ముందు నడిచాడు. సువార్తమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "చెప్పాడు కదమ్మాయ్, పదిమందిలో. ఇంక వదిలెయ్యి."

"వదిలేస్తాను అత్తయ్యా," అంది బ్లెస్సీ. "తొమ్మిది వారాలకి చెప్పాడు. నాకూ కొన్ని రోజులు ఇవ్వండి."