ఖాళీ కడుపుతో

రైలీ తలలో బఠాణీ గింజంత ఉండవలసిన గ్రంథి ఒకటి ఉబ్బిందనీ, ఆపరేషన్ అవసరం కావచ్చనీ నగరంలోని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఆ మాట విని ఆమె భర్త ఇల్పో లేచి వెళ్ళి కాఫీ పెట్టాడు. ఫిన్లండ్‌లో ఇల్లు అంటుకున్నా ముందు కాఫీ దిగాలి, నీళ్ల సంగతి ఆ తర్వాత.

"తల తెరుస్తారేమో," అంది రైలీ.

"తెరవనీ. ఏడాదిగా పడకే దిగడం లేదు కదా, లోపల ఏం పెట్టుకున్నావో నేనూ చూస్తాను."

ఇల్పో భయపడినప్పుడే వేళాకోళం ఆడతాడు. అది తెలిసిన రైలీకి భయం రెట్టింపయింది.

రైలీకి నీరసం మొదలైన నవంబరులో అందరూ అక్కడి శీతాకాలపు చీకటిని తిట్టారు. డిసెంబరులో ఇంకా ఎక్కువ చీకటిని తిట్టారు. ముఖం ఉబ్బి, జుట్టు రాలి, దుప్పట్ల కింద కూడా వణుకుతుంటే చలి అన్నారు. జూన్‌లో సూర్యుడు అస్తమించడం మానేసినా రైలీ నిద్రపోతూనే ఉండటంతో తిట్టడానికి ఇంకేమీ మిగలక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. థైరాయిడ్ మందగించిందని మాత్ర ఇచ్చారు. గుణం కనిపించలేదు. మోతాదు పెంచారు. మళ్లీ పెంచారు. రైలీ మాత్రం అలాగే ఉంది. చివరికి నగరంలో తలకి స్కాన్ తీస్తే ఈ కబురొచ్చింది.

పెద్దాసుపత్రిలో డాక్టర్ సల్మెలా ఓపికగా చెప్పింది. "తలలో ఉన్న పిట్యూటరీ యజమాని, మెడలో ఉన్న థైరాయిడ్ పనివాడు అనుకోండి. యజమాని పురమాయిస్తే పనివాడు హార్మోను తయారుచేసి రక్తంలోకి వదులుతాడు. ఒళ్లు వెచ్చగా ఉండాలన్నా, మీరు లేచి తిరగాలన్నా అది కావాలి. రక్తంలో అది తగ్గితే యజమాని కేకలేస్తాడు. మీ రక్తంలో ఆ కేకలు చెవులు పగిలేలా ఉన్నాయి."

"మాత్ర వేసుకుంటున్నాను కదా."

"అదే నా అనుమానం. మాత్ర పడితే కేకలు ఆగాలి. ఆగలేదు. అరిచి అరిచి గ్రంథి ఉబ్బిందో, నిజంగానే గడ్డ ఉందో తేలాలి. గడ్డయితే ఆపరేషన్. ఇంతకీ రోజూ వేసుకుంటున్నారా?"

ఇల్పోకి రోషం వచ్చింది. "నా చేతులతో నేనే వేస్తున్నాను. కళ్లు తెరవకముందే నోట్లో మాత్ర, వెంటనే కాఫీ. ఒక్క రోజు తప్పలేదు."

తన కాఫీ కప్పు ఎత్తబోయిన డాక్టరు దాన్ని మెల్లగా కింద పెట్టింది.

"కాఫీతోనా?"

"మరి దేంతో?" ఇల్పో నిజంగానే అడిగాడు.

"ఖాళీ కడుపుతో వేసుకోమని చెప్పలేదా?"

"చెప్పారు. ఖాళీ కడుపుతోనే. ముందు రొట్టె ముక్క కూడా పెట్టను."

"కాఫీ?"

"కాఫీ తిండి కాదు కదా, డాక్టర్."

డాక్టర్ సల్మెలా తన కప్పు వైపు చూసుకుంది. ఆమె కూడా ఆ దేశంలోనే పుట్టింది. రైలీని చూసిన డాక్టర్లూ నర్సులూ అందరూ అక్కడే పుట్టారు. అందుకే రైలీ ఏం తింటుందో, ఏ మందులు వాడుతుందో అన్నీ అడిగారు గానీ కాఫీ గురించి అడగాలని ఎవరికీ తట్టలేదు. రోజూ గాలి పీలుస్తున్నావా అని ఎవరడుగుతారు?

"కాఫీ ఆ మాత్రను ఒంటికి పట్టనివ్వదు," అంది చివరికి. "ఇకమీదట మంచినీళ్లతో వేయండి. ఆ తర్వాత గంటసేపు కాఫీ వద్దు. కొన్ని నెలలాగి మళ్లీ స్కాన్ తీద్దాం. అప్పటిదాకా ఎవరూ కత్తి పట్టుకోరు."

"గంటా?" అన్నాడు ఇల్పో. తల తెరుస్తారన్నప్పుడు కూడా అతని ముఖం అంతగా పాలిపోలేదు.

వసంతంలో తీసిన స్కాన్‌లో గ్రంథి అణిగిపోయింది. పనివాడి వాటా బయటినుంచి సక్రమంగా అందుతుంటే యజమాని నోరు దానంతటదే తగ్గిందని డాక్టర్ సల్మెలా నవ్వింది. ఆపరేషన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇంట్లో మాత్రం కాఫీ వాసన వస్తే తను ఆగలేనని, ఆ గంట ఇల్పో కూడా తాగకూడదని రైలీ తీర్మానించింది. అలా పొద్దున్నే ఇద్దరూ ఖాళీ బల్లకి ఎదురెదురుగా కూర్చుంటున్నారు. ఏడాదిపాటు పోట్లాడే ఓపిక కూడా లేక మింగేసిన మాటలన్నీ రైలీకి ఒంట్లో సత్తువతో పాటే తిరిగొచ్చాయి.

"ఇంకెంతసేపు?" అన్నాడు ఇల్పో, గడియారం వైపు చూస్తూ.

"కూర్చో," అంది రైలీ. "నిరుడు మార్చి నెలలో నువ్వన్న మాటల దగ్గరికి ఇంకా రానే లేదు."