సొట్ట తీయించని బిందె

నేను ఒక రాగి బిందెను. పుట్టుకతో పిరికిదాన్ని కాను. తాడు తెగి నూతిలో పడ్డప్పుడు బెదరలేదు. దొంగ నన్ను గోనెసంచిలో వేసుకుని పెరటి గోడ దాకా మోసుకెళ్ళినప్పుడు కూడా, వాడి నడుం ఏమవుతుందోనని జాలిపడ్డానే తప్ప భయపడలేదు. తణుకులో, వీరవేణి ఇంటి ముందుగదిలో, ఒక గాజుతొట్టె పక్కన కూర్చున్నాకే నాకు భయమంటే ఏమిటో తెలిసింది.

కంచరివాళ్ళ ఊరు అజ్జరంలో సుత్తిదెబ్బలు తిని పొట్ట తెచ్చుకున్నాను. నన్ను కొన్న వెంకాయమ్మ గారు నా భుజం మీద తన పేరు చెక్కించుకుంది, నేనేదో కాళ్ళొచ్చి పారిపోతానన్నట్టు. చివరికి లోకం విడిచి పారిపోయింది ఆవిడే. తర్వాత ఆవిడ కూతురి దగ్గరున్నాను, ఆ తర్వాత మనవరాలు వీరవేణికి సారెతో పాటు వచ్చాను. ముగ్గురూ నన్ను ఒకేలా చూసుకున్నారు. శుక్రవారం చింతపండుతో తళతళా తోమేవారు. రాత్రి నీళ్ళు నింపి, పొద్దున్నే ఆ నీళ్ళు తాగి, రాగి నీళ్ళు ఒంటికి ఎంత మంచివోనని మురిసిపోయేవారు. అసలు జరిగేది ఏమిటంటే, నిలవున్న నీళ్ళు నన్ను సన్నగా నాకుతాయి. తెల్లారేసరికి నేను పిసరంత అరిగి ఉంటాను, ఆ పిసరు నీళ్ళలో ఉంటుంది. నేను అరిగిపోవడాన్ని వాళ్ళు అంత ముచ్చటగా తాగుతుంటే నాకు నవ్వొచ్చేది. అప్పట్లో నవ్వు వచ్చేది.

వీరవేణి భర్త అచ్యుతం స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఊరంతా ఈలతో హడలెత్తించే మనిషి, ఇంటికొస్తే తొట్టెలోని గోల్డు ఫిష్షుల ముందు పిల్లి అయిపోయేవాడు. కుళాయి నీళ్ళు ముందురోజే వరండాలో ప్లాస్టిక్ డ్రమ్ముకి పట్టి, మందు వాసన పోయేదాకా ఉంచేవాడు. ఆదివారం తొట్టెలోంచి కాస్త తోడి, ఆ డ్రమ్ము నీళ్ళు కాస్త పోసేవాడు. మొత్తం ఒక్కసారే మార్చేస్తే పోదా అని వీరవేణి అడిగితే, "నీళ్ళు మారినట్టు చేపకి తెలియకూడదే" అనేవాడు.

ఒకరోజు స్కూలు గ్రౌండులోనే ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పోయాయి. ఎడమచెయ్యి బాగానే ఉందని, కాకపోతే ఆయనకి ఎత్తాలనే మనసు లేదని డాక్టరు అన్నాడు. మనసు కలగడానికి మందు లేదన్నాడు. వీరవేణి మంచాన్ని తొట్టెకి ఎదురుగా వేయించింది. తోక తెల్లగా ఉన్న ఒక చేప అటూ ఇటూ తిరిగితే ఆయన కళ్ళు దాని వెంట తిరిగేవి. ఇంట్లో ఆయన చేసే పని అదొక్కటే. దాని మీదే వీరవేణి ప్రాణాలు పెట్టుకుంది.

పక్కింటి ఆదిలక్ష్మి పిన్ని మంచి మనిషి. సలహాలు చెప్పేది కూడా ఆ మంచితనంతోనే.

"ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళేంటే వేణీ? రాగిబిందెలో నిలవబెట్టి పొయ్యి. ఏ దోషమూ ఉండదు."

వీరవేణి నన్ను చింతపండుతో తోమి, నీళ్ళు పట్టి, మర్నాడు ఎత్తి తొట్టెలో ఒంపింది. ముందు తొట్టెలో ఉండే నత్తలు గాజు పట్టుకుని నీళ్ళ పైకి పాకాయి, నీళ్ళంటే గిట్టనట్టు. తర్వాత ఒక్కొక్కటే జారి అడుక్కి పడ్డాయి. ఆ నీళ్ళలో ఏముందో నాకు తెలుసు. నేనే ఉన్నాను. మనిషి ఒంట్లో ఇమిడిపోయే ఆ పిసరు, నత్తకీ చేపకీ విషం.

కొన్నాళ్ళకి ఒక చేప వెల్లకిలా తేలింది. పిన్ని నిట్టూర్చింది.

"పోనీలేవే. మాస్టారి మీదికి రావాల్సింది అది తీసుకుపోయింది."

వీరవేణికి ఆ మాట ఆ పూటకి ఊరటగా ఉంది. ఇంకో చేప పోయాక అదే మాట గుండెలో గుచ్చుకుంది. చేపలన్నీ అయిపోతే తర్వాత వచ్చేది ఎవరి మీదికి? తొట్టె వైపు చూసి, మంచం వైపు చూసి, నోట్లో కొంగు కుక్కుకునేది. భయపడినకొద్దీ నీళ్ళు ఎక్కువ మార్చింది. మార్చినకొద్దీ నన్ను ఇంకా శుభ్రంగా తోమింది. తోమినకొద్దీ నేను ఇంకా ఎక్కువగా కరిగాను. ఆమె చెయ్యి నా మెడ మీద పడితే చాలు, వణుకు పుట్టేది. దొర్లిపోదామన్నా నాకు చేతకాదు. బిందెకి కదలిక ఎత్తేవాళ్ళ నుంచే రావాలి.

నన్ను ఎత్తినప్పుడల్లా అచ్యుతం గొంతులోంచి "ఊ, ఊ" అని ఒక మూలుగు వచ్చేది. దాహమేమో అనుకుని ఆమె నాలోంచే గ్లాసుతో నీళ్ళు ముంచి పెదాలకి ఆనిస్తే, పళ్ళు బిగించేవాడు. ఆయనకి తెలిసిపోయిందని నాకు అర్థమైంది. ఆ గదిలో సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరం. ఇద్దరికీ నోరు లేదు.

ఈలోగా వీరవేణి అన్నగారింట్లో శుభకార్యానికని, మాస్టారినీ చేపల్నీ పిన్నికి అప్పగించి అత్తిలి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మిగిలిన చేపలు హుషారుగా తిరుగుతున్నాయి.

"నీ బిందె నేనెక్కడ ఎత్తగలనే, నడుం పట్టేసింది. డ్రమ్ములోవే రెండు చెంబులు పోశాను" అంది పిన్ని నొచ్చుకుంటూ.

"పర్లేదు పిన్నీ, నేనొచ్చాగా" అంటూ వీరవేణి చింతపండు నానబెట్టింది.

వారం తిరిగేసరికి తెల్లతోక చేప ఒక్కటే మిగిలింది. అదీ అడుగున పక్కకి ఒరిగి, మొప్పలు ఎగరేస్తోంది. వీరవేణి ఏడుస్తూనే నన్ను చంకనెత్తుకుని మంచానికీ తొట్టెకీ మధ్యకి వచ్చింది. నేను నిండుగా ఉన్నాను. ఇదే ఆఖరి బిందె అని నాకు తెలుసు.

అప్పుడు అచ్యుతం ఎడమచెయ్యి లేచింది. దుప్పటి కింద పడి ఉండే ఆ చెయ్యి గాల్లోకి లేచి నా పొట్ట మీద ఠంగుమని తగిలింది. ఆమె పట్టు జారింది, నేను మంచంకోడు మీద పడి, సొట్టపోయి, నీళ్ళన్నీ నేల పాలు చేశాను.

"ఏవండీ, చెయ్యి ఎత్తారండీ..." అంది వీరవేణి. 

ఆయన వేలు నన్ను చూపించింది. తర్వాత వరండా వైపు తిరిగింది, డ్రమ్ము వైపు. ఆమె చూపు ఆ వేలి వెంటే డ్రమ్ము దాకా వెళ్ళింది. పిన్ని పోసిన రెండు చెంబులు గుర్తుకొచ్చి ఉంటాయి. నెమ్మదిగా నా వైపు తిరిగింది. అజ్జరంలో కొలిమికి కూడా భయపడలేదు గానీ, ఆ చూపుకి భయపడ్డాను.

డ్రమ్ములోంచి చెంబుతో తెచ్చి కొంచెం తోడి, కొంచెం పోసింది. ఆ రోజంతా అలాగే, నీళ్ళు మారినట్టు చేపకి తెలియనివ్వకుండా. మర్నాటికి చేప మేత కోసం పైకి వచ్చింది. ఆయన కళ్ళు దాని వెంట వచ్చాయి.

ఇప్పుడు నేను మంచం పక్కన ఖాళీగా ఉంటాను. వీరవేణి రోజూ ఆయన ఎడమచేతిని ఎత్తిస్తుంది, నన్ను కొట్టమంటుంది, ఆయన కొడతాడు. అయినా నా భయం పూర్తిగా పోలేదు. ఎవరైనా చింతపండు నానబెడితే ఒళ్ళు జలదరిస్తుంది.

మొన్న వీధిలో బిందెలకి మాట్లు వేసేవాడి కేక వినబడింది. "సొట్ట తీయించుకోవే, అమ్మమ్మ నాటి బిందె" అంది పిన్ని.

వీరవేణి ఆ సొట్టలో తన అరచెయ్యి పెట్టి చూసుకుంది.

"తీయించను పిన్నీ. అది ఆయన చెయ్యి."